మీకు తెలుసా? బూట్ మెనూ చెడితే ఫైళ్లు పోవు

విండోస్ పక్కనే లైనక్స్ వేసుకున్నవాళ్లు, పాత విండోస్‌ని వదల్లేక కొత్తదాంతో పాటు ఉంచుకున్నవాళ్లు ఏదో ఒక రోజు బూట్ మెనూ ఎడిటర్ జోలికి వెళ్తారు. మెనూలో పేరు మార్చాలనో, ఏది ముందు లేవాలో చెప్పాలనో, 30 సెకన్ల నిరీక్షణని ఐదుకి తగ్గించాలనో. సేవ్ కొట్టి రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర, దాని మీద రెండు మూడు ఇంగ్లిష్ ముక్కలు. అక్కణ్నించి రిపేరు షాపుకీ, అక్కడ వినబడే "ఫార్మాట్ కొట్టేద్దామా సార్?" అన్న ప్రశ్నకీ ఎంతో దూరం ఉండదు. దానికి సరే అనేముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ఎడిటర్ దిద్దేది చిన్న ఫైలుని

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఏ విండోస్ ఎక్కడుందో చెప్పే పని బూట్ డాట్ ఐఎన్ఐ అనే మామూలు టెక్స్ట్ ఫైలుది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి రెండు లైన్లు దిద్దుకుంటే సరిపోయేది. 2007 జనవరిలో విస్టా మార్కెట్లోకి వచ్చాక ఆ సుఖం పోయింది. దాని బదులు వచ్చిన బీసీడీ, అంటే బూట్ కాన్ఫిగరేషన్ డేటా, రిజిస్ట్రీ ఫైళ్ల పద్ధతిలో ఉంటుంది. తెరిచి చదువుదామంటే ముక్క అర్థం కాదు. దిద్దడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన బీసీడీఎడిట్ కమాండ్ ప్రాంప్ట్‌లో నడుస్తుంది, అందులో ఒక్కో ఎంట్రీకి అంకెలూ అక్షరాలూ కలిసి 32 ఉండే గుర్తింపు. అది టైప్ చేసే ఓపిక అందరికీ ఉండదు కాబట్టే నియోస్మార్ట్ వాళ్ల ఈజీబీసీడీ, ఆ కోవలోవే మరికొన్ని ఎడిటర్లు పుట్టుకొచ్చాయి.

ఆ బీసీడీ ఫైల్లో మీ ఫొటోలుండవు, ఎక్సెల్ షీట్లుండవు. విండోస్ ఏ డిస్కులో ఏ పార్టిషన్‌లో ఉందన్న చిరునామా, మెనూలో కనబడే పేరు, ఎన్ని సెకన్లు ఆగాలన్న లెక్క, అంతే. పెళ్లి కార్డులో అడ్రస్ తప్పు పడితే చుట్టాలు దారి తప్పుతారు గానీ కల్యాణ మండపం ఎక్కడికీ పోదు. పార్టిషన్లని కదపనంత వరకూ మీ ఫైళ్ల సంగతీ అంతే. ఫైళ్లు నిజంగా పోయేది తర్వాత, కంగారులో చేసే రిపేరులో.

ఎక్కడ ఆగిందో తెరే చెబుతుంది

కంపెనీ లోగో కూడా రాకుండా ఫ్యాను మాత్రం తిరుగుతోందంటే తప్పు బూట్ మెనూది కాదు. మెనూ దాకా యంత్రం రానే లేదు. ర్యామ్ వదులైందో, డిస్‌ప్లే పోయిందో చూడాలి. నిన్న ఎడిటర్ వేశాం కాబట్టి ఇవాళ్టి ప్రతి జబ్బూ దాని వల్లే అనుకోవడం సహజమే గానీ, చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది.

లోగో వచ్చి, ఆ తర్వాత బూటబుల్ డివైస్ ఏదీ లేదన్న మాట పడితే బయోస్‌కి దేన్ని లేపాలో దొరకలేదన్నమాట. ముందు పెన్‌డ్రైవ్ ఏదైనా గుచ్చి మర్చిపోయారేమో చూసి పీకండి. నవ్వుతారేమో గానీ, ఇంతమాత్రానికే షాపుకెళ్లి డబ్బిచ్చి వచ్చేవాళ్లు ఉన్నారు. 'బూట్‌మేనేజర్ ఈజ్ మిస్సింగ్' అర్థం వచ్చే మాట కనిపిస్తే డిస్కు చదవగలిగింది గానీ, బూట్‌మేనేజర్ ఫైలు ఉండాల్సిన పార్టిషన్‌లో లేదు. పాత పద్ధతి డిస్కుల్లో వేరే పార్టిషన్‌ని 'యాక్టివ్' అని గుర్తు పెట్టేస్తే జరిగేది ఇదే.

నీలం తెర మీద 0ఎక్స్‌సీ0000034 గానీ 0ఎక్స్‌సీ000000ఎఫ్ గానీ పడితే బీసీడీ కనిపించలేదు, లేదా అందులో ఏదో పాడైంది. చివర ఎఫ్ బదులు 'ఈ' అక్షరం ఉంటే బీసీడీ బాగానే ఉంది గానీ అది చెప్పిన డిస్కో పార్టిషనో అక్కడ లేదు. పాత హార్డ్‌డిస్క్‌ని కొత్త ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేసినప్పుడు ఇది బాగా వస్తుంది. విండోస్ డిస్కుని 'సీ డ్రైవ్' అన్న పేరుతో గుర్తుపట్టదు, డిస్కు మీద రాసి ఉన్న గుర్తింపు అంకెతో పడుతుంది. ఆ అంకె మారితే పక్కనే ఉన్నా ఎరగనట్టే ఉంటుంది.

గుండ్రంగా చుక్కలు తిరగడం మొదలయ్యాక ఆగితే మాత్రం బూట్ మెనూ తన పని ముగించేసినట్టే. ఆ తర్వాతి గొడవ డ్రైవర్లదో, సిస్టమ్ ఫైళ్లదో. ఇక్కడికొచ్చి బీసీడీని తిరగరాస్తూ కూర్చుంటే బాగున్నదాన్ని కూడా చెడగొట్టినవాళ్లవుతారు.

నాలుగు అక్షరాల డాక్టరు

ఎక్కడ ఆగిందో చెప్పే విషయంలో 1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ లైనక్స్ కోసం రాసిన 'లిలో' బూట్‌లోడర్‌ది అందరికంటే పొదుపైన పద్ధతి. తన పేరులోని ఎల్, ఐ, ఎల్, ఓ అక్షరాలని ఒక్కో దశ దాటినప్పుడు ఒక్కొక్కటిగా తెర మీద వేసేది. ఒక్క ఎల్ దగ్గర ఆగితే మొదటి భాగం లేచింది, రెండోదాన్ని తేలేకపోయింది. ఎల్, ఐ రెండూ పడి ఆగితే రెండో భాగం వచ్చింది గానీ నడవలేదు. నాలుగూ పడితే అంతా క్షేమం. లింకు లేదు, క్యూఆర్ కోడ్ లేదు. లిలో మూలపడి ఏళ్లయింది, ఆ పొదుపు మాత్రం ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఎక్కడా కనబడదు.

512 బైట్లలో మొత్తం కాపురం

పాత డిస్కుల్లో మొట్టమొదటి సెక్టర్‌ని మాస్టర్ బూట్ రికార్డ్ అంటారు. దాని మొత్తం చోటు 512 బైట్లు. అందులో 446 బైట్లు లేపే ప్రోగ్రామ్‌కి, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకి, మిగిలిన రెండు చివరి గుర్తుకి. ఒక్కో పార్టిషన్‌కి 16 బైట్లు పోను పట్టికలో నాలుగింటికే చోటు. ప్రైమరీ పార్టిషన్లు నాలుగే ఎందుకని ఎప్పుడైనా అనిపించి ఉంటే, కారణం ఈ ఇరుకే.

ఎడిటర్లలో ఈ సెక్టర్‌నీ, పార్టిషన్ బూట్ సెక్టర్‌నీ తిరగరాసే మీట కూడా ఉంటుంది. విస్టా, విండోస్ 7 తరహాదా, ఎక్స్‌పీ తరహాదా అని అడుగుతుంది. విండోస్ 7 ఉన్న యంత్రంలో ఎక్స్‌పీ తరహాది ఎంచుకుంటే మరుసటి బూట్‌లో 'ఎన్‌టీఎల్‌డీఆర్ మిస్సింగ్' అంటుంది. ఆ ఫైలు ఎక్స్‌పీది, విండోస్ 7లో ఉండదు. లేనిదాని కోసం వెతికించడం మన తప్పు, యంత్రానిది కాదు. లైనక్స్ వాళ్ల బూట్‌లోడర్ గ్రబ్ కూడా ఈ 446 బైట్లలోనే కాలు పెట్టుకుని ఉంటుంది కాబట్టి విండోస్ తరహా కోడ్ రాయగానే లైనక్స్ మెనూ మాయమవుతుంది. లైనక్స్ మాత్రం తన పార్టిషన్‌లో హాయిగానే ఉంటుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి గ్రబ్‌ని మళ్లీ పెడితే తిరిగొస్తుంది.

ఇలాంటి బూట్ సెక్టర్ల మీద కన్నేసింది రిపేరు చేసేవాళ్లే కాదు. 1986లో లాహోర్‌కి చెందిన ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' వైరస్ ఫ్లాపీల బూట్ సెక్టర్‌లోనే తిష్ఠ వేసేది. పీసీలకి పట్టిన తొలి వైరస్‌గా దాన్నే చెబుతారు. అందులో వాళ్ల షాపు అడ్రసూ ఫోన్ నంబరూ కూడా రాసి పెట్టారు.

ఎందుకూ పనికిరాదనిపించే ఆ 100 ఎంబీ

గత పదేళ్లలో కొన్న లాప్‌టాప్ అయితే ఈ 512 బైట్ల కథ చాలావరకు వర్తించదు. అందులో ఉండేది పాత బయోస్ బదులు వచ్చిన యూఈఎఫ్ఐ. లేపే ఫైళ్లకి ఈ పద్ధతిలో విడిగా ఒక పార్టిషన్ ఉంటుంది. విండోస్ తనంతట తాను చేసుకుంటే మామూలుగా 100 ఎంబీ, ఫార్మాట్ ఫ్యాట్32, డ్రైవ్ అక్షరం ఉండదు. మై కంప్యూటర్‌లో కనబడదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూసి 'ఇదేదో వృథాగా పడుంది' అని దాన్ని తీసి పక్క డ్రైవ్‌లో కలిపేసేవాళ్ల వల్ల కొన్ని లాప్‌టాప్‌లు మంచాన పడుతున్నాయి. బీసీడీ ఉండేది అందులోనే.

అయినా బాగుచేసుకోవచ్చు. కావలసింది మరో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో తయారు చేసుకున్న విండోస్ పెన్‌డ్రైవ్. దానితో బూట్ చేసి, 'ఇన్‌స్టాల్' జోలికి పోకుండా 'రిపేర్ యువర్ కంప్యూటర్' నొక్కండి. స్టార్టప్ రిపేర్‌ని ఒకసారి నడవనివ్వండి, పని చేస్తే చేస్తుంది. చేయకపోతే కమాండ్ ప్రాంప్ట్.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. రిపేర్ వాతావరణంలో డ్రైవ్ అక్షరాలు మారిపోతాయి. రోజూ మీరు చూసే సీ డ్రైవ్ ఇక్కడ డీ కావచ్చు, ఈ కావచ్చు. డిస్క్‌పార్ట్ తెరిచి 'లిస్ట్ వాల్యూమ్' కొడితే పట్టిక వస్తుంది. ఫ్యాట్32 అని ఉన్న చిన్నదే ఆ 100 ఎంబీది. మీరు గుచ్చిన పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32 అనే చూపించొచ్చు, సైజు చూసుకోండి. ఆ 100 ఎంబీదాన్ని సెలెక్ట్ చేసి ఎస్ అనే అక్షరం ఇచ్చి బయటికి రండి. తర్వాత 'డిర్' కొడుతూ విండోస్ ఫోల్డర్ ఏ అక్షరం కింద ఉందో పట్టుకోండి. సీ కింద ఉందనుకుందాం. అప్పుడు బీసీడీబూట్ అన్న కమాండుకి మూడు సంగతులు చెప్పాలి: విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో, బూట్ ఫైళ్లు ఏ అక్షరం మీద పెట్టాలో, పద్ధతి యూఈఎఫ్ఐ అని. విండోస్ ఫోల్డర్లోనే బూట్ ఫైళ్ల నకళ్లు ఎప్పుడూ ఉంటాయి. వాటిని తీసుకొచ్చి ఆ చిన్న పార్టిషన్‌లో పెట్టి కొత్త బీసీడీ రాసేస్తుంది. అంతా కలిపి కొన్ని సెకన్ల పని.

యూట్యూబ్ వీడియోలన్నీ ముందు బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ కొట్టమంటాయి. చాలా యూఈఎఫ్ఐ యంత్రాల్లో దానికి వచ్చే జవాబు 'యాక్సెస్ డినైడ్'. అది చూసి అంతా అయిపోయిందని చేతులెత్తేయక్కర్లేదు. బీసీడీబూట్ ఒప్పుకుంటే బూట్‌రెక్‌తో పని లేదు. ఇక ఆ 100 ఎంబీ పార్టిషన్‌నే తుడిచేసి ఉంటే డిస్క్‌పార్ట్‌లోనే మళ్లీ ఒకటి చేసుకోవాలి. డిస్కులో ఖాళీ చోటు దొరికితే అదీ అయ్యే పనే గానీ, ముందు ఫైళ్లని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాకే చేయి పెట్టండి.

మరొక్కటి. యూఈఎఫ్ఐ పద్ధతిలో విండోస్ బూట్ మేనేజర్ లైనక్స్‌ని లేపడానికి ఒప్పుకోదు. విండోస్ మెనూలో లైనక్స్ పేరు చేర్చాలని ఎంత తంటాలు పడ్డా ఫలితం ఉండదు, ఈజీబీసీడీ కూడా యూఈఎఫ్ఐ యంత్రాల్లో అందుకు దారి మూసేసింది. లాప్‌టాప్ తయారీదారు ఇచ్చిన మెనూ ఎటూ ఉంది. డెల్, లెనోవో అయితే ఆన్ చేయగానే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్ అయితే ఎస్కేప్.

బయోస్‌లో కెలకడం రెండో జబ్బు

బూట్ ఆగిపోగానే బయోస్‌లోకి వెళ్లి కనబడిన స్విచ్చులన్నీ అటూ ఇటూ తిప్పడం మనవాళ్లకి అలవాటు. యూఈఎఫ్ఐ నుంచి లెగసీకి, అంటే పాత పద్ధతికి, మారిస్తే యూఈఎఫ్ఐలో వేసిన విండోస్ అసలు కనబడదు. డిస్కు కంట్రోలర్‌ని ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కి తిప్పితే చుక్కలు తిరిగాక 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అన్న నీలం తెర వస్తుంది. ఇప్పుడు జబ్బులు రెండు, మందు ఒకదానికే తెలుసు. ఏది మార్చేముందైనా ఫోన్‌తో ఆ తెర ఫొటో తీసుకోండి.

48 అంకెల తాళం

బీసీడీని దిద్దగానే ఒక్కోసారి నీలం తెర వచ్చి బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. లేచే దారిలో ఏదో మారిందని మదర్‌బోర్డులోని టీపీఎం చిప్ పసిగట్టిందన్నమాట. దొంగ చేశాడో, మీరే చేశారో దానికి తెలీదు. కీ 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. "నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదే" అంటారు చాలామంది. పెట్టక్కర్లేదు. విండోస్ 11 లో 24హెచ్2 వర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా యంత్రాల్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. కీ ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. ఏ మెయిల్ ఐడీతో లాగిన్ అయ్యారో గుర్తుంటే! లాప్‌టాప్ సెటప్ చేసిన షాపు కుర్రాడు తన మెయిల్ ఐడీ పెట్టేసి ఉంటే అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. ఎడిటర్ తెరిచేముందు కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్‌ని 'సస్పెండ్' చేస్తే ఈ గొడవే ఉండదు.

2024 జులై 19న ప్రపంచమంతటా చాలా ఆఫీసులు ఈ తాళం దగ్గరే ఇరుక్కున్నాయి. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు లేస్తూనే నీలం తెర వేసి, మళ్లీ లేచి, మళ్లీ పడిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే విమానానికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. మందు చాలా చిన్నది: సేఫ్ మోడ్‌లో లేచి, పేరులో 291 అంకె ఉన్న ఫైలుని తీసేయడం. అయితే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలంటే చాలా ఆఫీసుల్లో బిట్‌లాకర్ కీ కావాలి, కీలు దాచిన సర్వర్లు కూడా కొన్నిచోట్ల అదే నీలం తెరతో ఉన్నాయి. తన అజూర్ క్లౌడ్‌లోని యంత్రాలని 15 సార్ల దాకా రీబూట్ చేసి చూడమని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆఫ్ చేసి ఆన్ చేయమనే మన ఆఫీసు ఐటీ కుర్రాళ్లని ఇకమీదట ఎవరూ వెక్కిరించకూడదు.

సేఫ్ మోడ్ నుంచి బయటికి రాలేకపోతే

ఎంఎస్‌కాన్ఫిగ్‌లో 'సేఫ్ బూట్' దగ్గర టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే ఎన్నిసార్లు లేచినా సేఫ్ మోడ్‌లోనే లేస్తుంది. ఆ టిక్ వెళ్లి కూర్చునేదీ బీసీడీలోనే. లాగిన్ అవగలిగితే అక్కడే టిక్ తీసేయండి. లాగిన్ కూడా కుదరకపోతే రికవరీ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్‌తో డిఫాల్ట్ ఎంట్రీలోంచి సేఫ్‌బూట్ విలువని తొలగిస్తే చాలు. ఎఫ్8 నొక్కి నొక్కి వేళ్లు అరగదీసుకోవద్దు, విండోస్ 8 నుంచి అది మామూలుగా పని చేయదు. పెన్‌డ్రైవ్ లేకుండా రికవరీ తెర కావాలంటే, లేస్తుండగా రెండుసార్లు పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపండి, మూడోసారికి అదే వచ్చి నిలబడుతుంది. మొరటు పద్ధతే. వేరే దారి లేనప్పుడే వాడండి.

షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా పడుకోదు

2012లో వచ్చిన విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒకటుంది. షట్‌డౌన్ కొడితే విండోస్ తన కెర్నెల్‌ని డిస్కులో దాచిపెట్టి పడుకుంటుంది, మళ్లీ ఆన్ చేస్తే అదే బయటికి తీస్తుంది. రీస్టార్ట్ కొడితేనే మొదట్నుంచీ లేస్తుంది. లైనక్స్‌లోకి వెళ్లి విండోస్ డ్రైవ్ తెరిస్తే 'చదవడానికి మాత్రమే' అని మొండికేసేది ఇందుకే. రెండు ఓఎస్‌లు పెట్టుకున్నవాళ్లు పవర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆపేసుకోవడం మేలు.

తప్పు మీది కాకపోవచ్చు కూడా

2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత రెండు ఓఎస్‌లు ఉన్న చాలా యంత్రాల్లో లైనక్స్ లేవడం మానేసింది. 'ఎస్‌బ్యాట్' పరీక్షలో నెగ్గలేదని, ఏదో పెద్ద తప్పు జరిగిందని ఒక లైను పడి యంత్రం ఆగిపోయేది. ఎవరూ ఏ ఎడిటరూ ముట్టుకోలేదు. భద్రతా లోపాలున్న పాత గ్రబ్‌లని అడ్డుకోవాలని మైక్రోసాఫ్ట్ పెట్టిన నిబంధన, రెండు ఓఎస్‌లున్న యంత్రాలని తాకదని ముందే చెప్పినా, తాకింది. బయోస్‌లో ఉండే సెక్యూర్ బూట్‌ని తాత్కాలికంగా ఆపి, లైనక్స్‌లోకి వెళ్లి ఆ నిబంధనని చెరిపి, మళ్లీ ఆన్ చేసుకోవాల్సి వచ్చింది. మెనూలో ఏదో కెలికామని పశ్చాత్తాపపడే ముందు నిన్న రాత్రి అప్‌డేట్ ఏదైనా వచ్చిందేమో ఆలోచించండి.

ముందే చేసి ఉంటే

ఈజీబీసీడీలో బ్యాకప్ అన్న మీట ఉంది. బీసీడీఎడిట్‌కి 'ఎక్స్‌పోర్ట్' అని చెప్పినా అదే పని చేస్తుంది. వచ్చే ఫైలు కొన్ని పదుల కేబీలు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవచ్చు. సీ డ్రైవ్‌లో మాత్రం దాచకండి. మెనూ చెడితే ముందుగా అందకుండా పోయేది ఆ డ్రైవే.